విద్యార్థి అకౌంట్లు కొత్త టెనెంట్‌కు మారాక సొంత ల్యాప్‌టాప్‌లు, ఫోన్లలో సైన్ ఇన్ కావడం లేదు. ఏ వరుసలో సరిచేయాలి?

హెల్ప్‌డెస్క్_రెండు

అందరికీ నమస్కారం. విద్యార్థుల మైక్రోసాఫ్ట్ 365 అకౌంట్లు పాత టెనెంట్ (మైక్రోసాఫ్ట్ సేవల్లో ఒక సంస్థకు కేటాయించిన సొంత విభాగం) నుంచి కొత్త టెనెంట్‌కు మారాయి. మెయిల్, వన్‌డ్రైవ్ ఫైళ్లు కాపీ అయ్యాయి. యూజర్‌నేమ్‌లో @ తర్వాతి భాగం మారింది, కొత్త పాస్‌వర్డ్‌లు ఇచ్చారు. ల్యాబ్ కంప్యూటర్లలో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా విద్యార్థుల సొంత పరికరాల్లోనే.

వస్తున్న ఫిర్యాదులు ఇవి. వర్డ్ తెరిస్తే పాత యూజర్‌నేమ్ నింపి ఉన్న విండో వస్తుంది, అక్కడ కొత్త పాస్‌వర్డ్ కొడితే తప్పంటుంది. టీమ్స్‌లో సైన్ ఇన్ తెర తిరిగి తిరిగి అదే వస్తుంది. బ్రౌజర్‌లో కొందరికి ఏఏడీఎస్‌టీఎస్50020 అని, ఇంకొందరికి 50034 అని ఎర్రర్. ఆథెంటికేటర్‌కు (లాగిన్‌ను ఫోన్‌లో ఆమోదించే యాప్) నోటిఫికేషన్ రాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు మార్పు జరిగిన రోజంతా బాగానే పనిచేసి మర్నాడు మొరాయించాయి.

ఇప్పటివరకు చేసినవి: పాస్‌వర్డ్ రీసెట్, ఆఫీస్ తీసేసి మళ్లీ వేయడం, రీస్టార్ట్. ఆఫీస్ మళ్లీ వేసినా పాత పేరే ఎక్కడి నుంచి వస్తోంది? అన్నిటికీ పనికొచ్చే వరుస ఏదైనా ఉంటే చెప్పండి. ఫైళ్లు మాత్రం పోకూడదు.

తాళంచెవి

ముందు పాస్‌వర్డ్ రీసెట్‌లు ఆపేయండి. ఇక్కడ తప్పు పాస్‌వర్డ్‌ది కాదు. కొత్త టెనెంట్‌లో ఉన్నది పేరు మారిన పాత అకౌంట్ కాదు, పూర్తిగా వేరే అకౌంట్. చూసేవాళ్లకు పేరు దాదాపు ఒకటే అయినా లోపలి గుర్తింపు సంఖ్య వేరు. పరికరం మాత్రం పాత అకౌంట్ టోకెన్లను (పాస్‌వర్డ్ మళ్లీ అడగకుండా లోపలికి పంపే డిజిటల్ చీటీలను) నాలుగైదు చోట్ల దాచుకుని, ఏ యాప్ అడిగినా వాటినే చూపిస్తోంది. రీసెట్ చేస్తే వీటిలో ఏదీ పోదు. పైగా అప్పటికే సరిగ్గా పనిచేస్తున్న ఫోన్ కూడా మళ్లీ పాస్‌వర్డ్ అడగడం మొదలెడుతుంది.

ఆఫీస్ మళ్లీ వేసినా పాత పేరు వస్తున్నదీ అందుకే. ఆ పేరు ఆఫీస్‌లో లేదు, విండోస్‌లో ఉంది. వర్డ్, టీమ్స్, వన్‌డ్రైవ్ మూడూ విండోస్ దగ్గరున్న అకౌంట్ల జాబితానే అడుగుతాయి.

మొదటి రోజు పనిచేసి మర్నాడు ఆగిపోవడానికీ కారణం ఉంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే యాక్సెస్ టోకెన్ 60 నుంచి 90 నిమిషాలు చెల్లుతుంది. దాన్ని కొత్తది చేసుకునే రిఫ్రెష్ టోకెన్ మామూలుగా 90 రోజులు. పాత అకౌంట్‌ను బ్లాక్ చేసేదాకా పరికరం హాయిగా టోకెన్లు మార్చుకుంటూ ఉంటుంది. బ్లాక్ చేశాక చేతిలో ఉన్న టోకెన్ గడువు తీరగానే నిలిచిపోతుంది. అంటే పాతది నడుస్తున్న ల్యాప్‌టాప్ బాగుపడినట్టు కాదు, దాని వంతు ఇంకా రాలేదంతే. వాళ్లను కూడా ఇప్పుడే పిలిపించండి.

పరికరం ముట్టుకునే ముందు రెండు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, కొత్త యూజర్‌నేమ్ మొత్తం చేత్తో టైప్ చేసి, వెబ్‌లో మెయిల్ తెరవండి. తెరుచుకుంటే అకౌంట్ బాగుంది, పని పరికరంలోనే ఉంది. తెరుచుకోకపోతే లోపం సర్వర్ వైపు ఉంది, ల్యాప్‌టాప్‌లో ఏం తుడిచినా ఉపయోగం లేదు. ఎర్రర్ నంబరు చూసి పని పంచుకోండి:

50034 – ఆ డైరెక్టరీలో (టెనెంట్ అకౌంట్ల జాబితాలో) అలాంటి యూజర్ లేడు. దాదాపు ఎప్పుడూ పాత యూజర్‌నేమ్ కొట్టడమే. పాస్‌వర్డ్ మేనేజర్ తానే పాత పేరు నింపేస్తుంటుంది, అది చూడండి.

50020 – ఒక టెనెంట్ అకౌంట్‌తో ఇంకో టెనెంట్ తలుపు తడుతున్నారు. సేవ్ చేసుకున్న బుక్‌మార్క్‌లో పాత టెనెంట్ చిరునామా ఉన్నా, బ్రౌజర్ పాత అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్నా ఇదే వస్తుంది.

50126 – యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ నిజంగానే తప్పు. రీసెట్ చేయాల్సింది దీనికొక్కదానికే.

50076 – రెండో అంచె ధ్రువీకరణ కావాలి. 53003 – కండిషనల్ యాక్సెస్ నియమం (ఏ పరిస్థితుల్లో లోపలికి రానివ్వాలో సంస్థ పెట్టినది) ఆపింది, అడ్మిన్ చూడాలి. 700003 – పరికరం రికార్డు డైరెక్టరీలో లేదు, తీసేసి మళ్లీ చేర్చాలి.

ఇక విండోస్ ల్యాప్‌టాప్. అన్నిటికంటే ముందు వన్‌డ్రైవ్, ఎందుకంటే ఫైళ్లు పోయేది ఇక్కడే. టాస్క్‌బార్‌లో నీలం మేఘం నొక్కి, సింక్ పూర్తయిందో లేదో చూడండి. ఫైల్ పక్కన ఖాళీ మేఘం గుర్తు ఉంటే అది ఆ ల్యాప్‌టాప్‌లో లేదు, పాత సర్వర్‌లోనే ఉంది. అన్‌లింక్ చేయగానే ఆ పేరు కూడా మాయమవుతుంది. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' పెట్టండి. నిండు ఆకుపచ్చ గుండ్రం వచ్చేదాకా ఆగాలి. ఫైళ్లు కొత్త టెనెంట్‌కు కాపీ అయ్యాయి కదా అని ఈ మెట్టు దాటేయొద్దు. కాపీ మొదలయ్యాక విద్యార్థి పాత ఫోల్డర్‌లో చేసిన మార్పులు కొత్తదానిలో ఉండకపోవచ్చు.

తర్వాత వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ బ్యాకప్' తెరిచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ బ్యాకప్ ఆపండి. బ్యాకప్ ఉన్నప్పుడు డెస్క్‌టాప్ అనేది నిజానికి పాత వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఉంటుంది. ఆపగానే డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించి విద్యార్థి కంగారు పడొచ్చు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, పాత వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోని 'డెస్క్‌టాప్' అనే ఫోల్డర్‌లో ఉన్నాయని ముందే చెప్పి అప్పుడు ఆపండి. ఆ తర్వాతే 'అన్‌లింక్ దిస్ పీసీ'.

మిగతాది ఈ వరుసలో:

1. వర్డ్‌లో ఫైల్, అకౌంట్, సైన్ అవుట్. అక్కడే 'బిలాంగ్స్ టు' అని లైసెన్స్ ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది, చివర్లో మళ్లీ సరిచూడటానికి గుర్తుంచుకోండి. టీమ్స్‌లోనూ సైన్ అవుట్ చేసి, ఆఫీస్ యాప్‌లన్నీ మూసేయండి. టీమ్స్ మూసినా వెనక నడుస్తుంటుంది, టాస్క్‌బార్ మూలన ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి క్విట్ చేయాలి.

2. సెట్టింగ్స్, అకౌంట్స్, 'యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్'. పాత అకౌంట్ కింద 'వర్క్ ఆర్ స్కూల్ అకౌంట్' అని ఉంటే డిస్‌కనెక్ట్ చేయండి. పాత సంస్థకు 'కనెక్టెడ్' అని ఉంటే మాత్రం ఆగండి, ఆ ల్యాప్‌టాప్ సంగతి వేరు.

3. అదే అకౌంట్స్ కింద 'ఈమెయిల్ అండ్ అకౌంట్స్'. 'అకౌంట్స్ యూజ్డ్ బై అదర్ యాప్స్' అనే భాగంలోనూ పాత పేరు ఉంటుంది, తీసేయండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

4. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్. 'మైక్రోసాఫ్ట్ఆఫీస్16' అని మొదలయ్యేవి, పాత యూజర్‌నేమ్ కనిపించేవి మాత్రమే తీయండి.

5. రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న యంత్రం షట్‌డౌన్‌లో పూర్తిగా కొత్తగా మొదలవదు.

6. మొదట వర్డ్‌లో కొత్త పేరుతో సైన్ ఇన్. తర్వాత వన్‌డ్రైవ్, ఆపైన టీమ్స్. సైన్ ఇన్ చివర్లో ఈ పరికరాన్ని సంస్థ నిర్వహించడానికి అనుమతిస్తారా అని అడుగుతుంది. సొంత ల్యాప్‌టాప్‌కు 'ఈ యాప్‌కు మాత్రమే' అన్నది ఎంచుకుంటే రేపు మళ్లీ తీయాల్సినవి తక్కువ. పరికరం నమోదు తప్పనిసరి అని మీ నియమం ఉంటే తప్ప అంతకుమించి ఒప్పుకోనక్కర్లేదు.

క్లాసిక్ అవుట్‌లుక్‌లో పాత ప్రొఫైల్‌ను బాగుచేయడానికి కూర్చోవద్దు. కంట్రోల్ ప్యానెల్‌లో 'మెయిల్' తెరిచి, షో ప్రొఫైల్స్, యాడ్, కొత్త ప్రొఫైల్ చేసి అదే డిఫాల్ట్‌గా పెట్టండి. చిరునామా కొట్టేటప్పుడు పాత సూచన వస్తే పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయమనండి. ఆ సూచనతో పంపిన మెయిల్ వెనక్కి వస్తుంది.

మొబైల్_మిత్ర

తాళంచెవి గారు ల్యాప్‌టాప్ చెప్పారు కాబట్టి నేను ఫోన్ల సంగతి చెబుతాను.

ఫోన్‌లో మొదట చూడాల్సింది ఆథెంటికేటర్. పాత అకౌంట్ వరుస తీసేయడానికి తొందరపడొద్దు. పాత మెయిల్‌లోకో, పాత ఫైళ్లలోకో ఇంకా ఒకసారి వెళ్లాల్సి వస్తే దానితోనే వెళ్లాలి. ముందు కంప్యూటర్‌లో ప్రైవేట్ విండోలో కొత్త అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, 'సెక్యూరిటీ ఇన్ఫో' పేజీలో యాడ్ మెథడ్ నొక్కి, తెర మీది క్యూఆర్ కోడ్‌ను ఆథెంటికేటర్ యాప్‌తోనే స్కాన్ చేయాలి. ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే పని జరగదు. తెర మీద రెండంకెల సంఖ్య వచ్చి, అది ఫోన్‌లో కొట్టాక ఆమోదం పడితే నమోదు అయినట్టు. అదే పేజీలో ఫోన్ నంబరు కూడా రెండో దారిగా పెట్టించండి.

ఫోన్ మార్చినవాళ్లు బ్యాకప్ నుంచి ఆథెంటికేటర్ తెచ్చుకుంటారు. స్కూల్ అకౌంట్ పేరు వస్తుంది గానీ ఆమోదించే శక్తి రాదు, మళ్లీ నమోదు చేయాల్సిందే. పేరు కనిపిస్తోంది కదా అని గంటలు వృథా చేసుకోవద్దు. ఆరంకెల కోడ్ ప్రతిసారీ తప్పంటుంటే ఫోన్ గడియారం చూడండి. కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, టైమ్ చేత్తో పెట్టిన ఫోన్‌లో అది సర్వర్‌తో కలవదు. ఆటోమేటిక్ టైమ్ పెడితే చాలు.

ఆథెంటికేటర్ సెట్టింగ్స్‌లో 'డివైస్ రిజిస్ట్రేషన్' తెరిచి, పాత సంస్థ పేరు ఉంటే అన్‌రిజిస్టర్ చేయండి. ఆండ్రాయిడ్‌లో అవుట్‌లుక్, టీమ్స్ పాత అకౌంట్‌నే పట్టుకు వేలాడటానికి తరచూ ఇదే కారణం.

ఐఫోన్‌లో చాలామంది యాప్ డిలీట్ చేసి మళ్లీ వేస్తారు, అయినా పాత పేరే వస్తుంది. యాప్ పోయినా కీచెయిన్‌లో (ఐఫోన్ లాగిన్ వివరాలు దాచే చోటు) ఉన్న టోకెన్ పోదు. కాబట్టి యాప్ ఉండగానే లోపలి నుంచి సైన్ అవుట్ చేసి, ఆ తర్వాతే కావాలంటే తీసేయండి. ఫోన్ సొంత మెయిల్ యాప్‌లో అకౌంట్ ఉంటే ఇంకో జాగ్రత్త: దాన్ని డిలీట్ చేస్తే అందులో నిల్వ ఉన్న కాంటాక్టులు, క్యాలెండర్, నోట్స్ కూడా ఫోన్ నుంచి పోతాయి. విద్యార్థి స్నేహితుల నంబర్లన్నీ స్కూల్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉండటం మామూలే. ముందు చూసి, ఐక్లౌడ్‌కో ఇంకో అకౌంట్‌కో చేర్చుకున్నాకే డిలీట్ చేయించండి.

ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ (సంస్థ యాప్‌లను వేరుగా ఉంచే భాగం) ఉంటే, దాన్ని తీసేస్తే అందులోని యాప్‌లు, ఫైళ్లు అన్నీ తుడుచుకుపోతాయి. బ్రీఫ్‌కేస్ గుర్తున్న ఫైల్స్ యాప్‌లో డౌన్‌లోడ్లు ఉన్నాయేమో చూడండి.

మ్యాక్ అయితే ఆఫీస్ యాప్‌లలో సైన్ అవుట్ చేసి, కీచెయిన్ యాక్సెస్‌లో 'మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఐడెంటిటీస్' అని వెతికి ఆ వరుసలు తీసేసి, రీస్టార్ట్ చేయండి.

శుభ్రం

ఇంత అవసరమా? క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉన్నవన్నీ తుడిచేసి, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి అమరికల జాబితా) ఏడాల్, వామ్ అనే ఆధునిక లాగిన్ భాగాలు రెండూ ఆపేస్తే పాత పద్ధతి లాగిన్ విండో వస్తుంది, వెంటనే పనవుతుంది.

తాళంచెవి

దయచేసి ఆ పని చేయించవద్దు. క్రెడెన్షియల్ మేనేజర్‌లో విద్యార్థి సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్, ఇంట్లో షేర్ చేసుకున్న డ్రైవ్‌లు, ఇతర యాప్‌ల లాగిన్‌లు కూడా ఉంటాయి. అన్నీ తుడిస్తే స్కూల్‌కు సంబంధం లేని పది చోట్ల మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, అవి గుర్తుండవు.

రిజిస్ట్రీ చిట్కా ఇంకా చెడ్డది. వామ్ అంటే విండోస్‌లో అకౌంట్లను చూసుకునే భాగమే. దాన్ని ఆపితే ఈరోజు విండో రావచ్చు గానీ, కొత్త టెనెంట్ పరికరం గుర్తింపు అడిగిన రోజున చెప్పడానికి ఏమీ ఉండదు. ఆధునిక ధ్రువీకరణను ఆపి పాత పద్ధతికి పోవడమూ కుదరదు. ఉత్త యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో మెయిల్ తీసుకునే బేసిక్ పద్ధతిని ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో 2022 అక్టోబరు నుంచి ఆపేశారు. వీటిని ఆపడం సరైన పరిష్కారం కాదని మైక్రోసాఫ్టే రాసింది. ఎవరైనా ఇప్పటికే ఆ విలువలు పెట్టి ఉంటే వాటిని తీసేసి, పై వరుస మొదటి నుంచి చేయండి.

హెల్ప్‌డెస్క్_రెండు

చాలా ఉపయోగపడింది, 'అకౌంట్స్ యూజ్డ్ బై అదర్ యాప్స్' తీయగానే ఎక్కువ ల్యాప్‌టాప్‌లు దారికొచ్చాయి. మూడు మిగిలాయి.

ఒకటి, ఒక ల్యాప్‌టాప్‌లో విండోస్ లాగిన్ తెర మీదే పాత స్కూల్ చిరునామా ఉంది. రెండు, ఒక విద్యార్థి అకౌంట్ అరగంటకోసారి లాక్ అవుతోంది. ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ శుభ్రం చేశాం, అయినా అంతే. మూడు, పక్క విభాగంలో గూగుల్ వర్క్‌స్పేస్ వాడతారు, వాళ్లకూ డొమైన్ (@ తర్వాతి భాగం) మారింది. లింకులు తెరిస్తే 'యాక్సెస్ లేదు' అంటోంది.

తాళంచెవి

మొదటిది నేను ఆగమన్న ల్యాప్‌టాపే. కొన్నప్పుడు తొలి సెటప్‌లో స్కూల్ అకౌంట్ ఇచ్చారు, దాంతో యంత్రమే పాత టెనెంట్‌లో చేరిపోయింది. ఇది ప్రో, ఎడ్యుకేషన్ వంటి ఎడిషన్లలోనే జరుగుతుంది, హోమ్ ఎడిషన్‌కు ఈ చేరిక లేదు. ఇప్పుడు నేరుగా డిస్‌కనెక్ట్ చేస్తే లాగిన్ అవడానికి అకౌంటే మిగలదు.

ముందుగా బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు తాళం వేసే భాగం). కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ తెరిచి 48 అంకెల రికవరీ కీని పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసి, కాగితం మీద కూడా తీసుకోండి. ఆ కీ ఇప్పుడు పాత టెనెంట్‌లో ఉంది. పాత అకౌంట్ పోయాక ల్యాప్‌టాప్ కీ అడిగితే డిస్క్ తెరిచే దారి లేదు.

బిట్‌లాకర్ తర్వాత బ్రౌజర్. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఆ విండోస్ యూజర్‌తో ముడిపడి గూఢలిపిలో ఉంటాయి, ఫోల్డర్ కాపీ చేసినా కొత్త యూజర్‌లో తెరుచుకోవు. పాత యూజర్‌లో ఉండగానే ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి ఇంపోర్ట్ అవగానే తుడిచేయాలి.

ఆ తర్వాత సెట్టింగ్స్, అకౌంట్స్, 'అదర్ యూజర్స్'. అక్కడ మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా ఒక లోకల్ యూజర్‌ను చేసి, అకౌంట్ టైప్‌ను అడ్మినిస్ట్రేటర్‌కు మార్చండి. సైన్ అవుట్ చేసి ఆ యూజర్‌తో ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ సరిగ్గా పనిచేస్తోందని కళ్లతో చూశాకే డిస్‌కనెక్ట్. మధ్యలో లోకల్ అడ్మిన్ వివరాలు అడుగుతుంది, ఇదే ఇవ్వాలి. రీస్టార్ట్ అయ్యాక పాత డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ కింద పాత పేరుతో అలాగే ఉంటాయి, కాపీ చేసుకోవచ్చు.

రేడియస్

అరగంటకోసారి లాక్ అవుతున్నదానికి నా అనుమానం వైఫై మీద. మీ వైఫై యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లేదైతే, అంటే 802.1ఎక్స్ అయితే, ఒకప్పుడు కలిపిన ప్రతి పరికరమూ ఆ పాస్‌వర్డ్‌ను గుర్తుంచుకుని ఉంటుంది. బ్యాగులో ఉన్న పాత టాబ్లెట్, వాడని ఫోన్, స్మార్ట్‌వాచ్ ఏదైనా సరే, రేంజ్‌లోకి రాగానే పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తూనే ఉంటుంది. లోకల్ యాక్టివ్ డైరెక్టరీ (సంస్థ సొంత సర్వర్‌లోని అకౌంట్ల వ్యవస్థ) ఆ తప్పుడు ప్రయత్నాలన్నీ లెక్కపెట్టి లాక్ వేస్తుంది. క్లౌడ్ వైపు స్మార్ట్ లాకౌట్ కొంత నయం. మామూలు అమరికలో 10 తప్పులకు ఒక నిమిషం లాక్ వేసినా, అదే తప్పు పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ వస్తే కొత్త తప్పుగా లెక్కపెట్టదు. అందుకే ఇంత క్రమంగా లాక్ అవుతుంటే లోకల్ డైరెక్టరీ వైపే చూడాలి.

వెతకడం కష్టం కాదు. రేడియస్ సర్వర్ (వైఫై లాగిన్‌లను సరిచూసేది) లాగ్‌లో ఆ యూజర్‌నేమ్‌తో తిరస్కరించిన వరుసలు తీయండి, పక్కనే పరికరం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) ఉంటుంది. కొత్త ఫోన్లు నెట్‌వర్క్‌కొక మారు మ్యాక్ అడ్రస్ వాడతాయి కాబట్టి ఫోన్ 'అబౌట్' పేజీలోది చూస్తే కలవకపోవచ్చు. ఆ వైఫై వివరాల్లో చూపించేదానితో పోల్చండి.

పరికరం దొరికాక పాస్‌వర్డ్ మార్చడం కాదు, నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' చేసి మొదటి నుంచి చేర్చండి. ఆండ్రాయిడ్‌లో 'ఐడెంటిటీ' మార్చి 'అనానిమస్ ఐడెంటిటీ'లో పాత డొమైన్ వదిలేస్తారు. ఎడ్యురోమ్‌లో (విద్యాసంస్థలు పంచుకునే వైఫై) అభ్యర్థన ఏ సర్వర్‌కు పోవాలో @ తర్వాతి భాగమే చెబుతుంది. బయటి పేరులో, అంటే అనానిమస్ ఐడెంటిటీలో, పాత డొమైన్ ఉంటే లోపల పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా అది పాత సర్వర్‌కే పోయి అక్కడే ఆగిపోతుంది. సర్టిఫికెట్ దగ్గర సిస్టమ్ సర్టిఫికెట్స్ ఎంచుకుని, డొమైన్ గడిలో రేడియస్ సర్వర్ పేరు ఇవ్వాలి. సర్టిఫికెట్ చూడకుండా దాటేసే వీలును ఆండ్రాయిడ్ 11కు 2020 డిసెంబరులో వచ్చిన అప్‌డేట్‌తో తీసేశారు. ఆ గడి ఖాళీగా ఉంటే కొత్త ఫోన్లలో సేవ్ బటనే వెలగదు. ఇవన్నీ చేత్తో నింపించే కంటే ఎడ్యురోమ్ వాళ్ల కాన్ఫిగరేషన్ యాప్‌తో చేయించండి, కానీ ముందు పాత ప్రొఫైల్ తీసేయాలి. ఐఫోన్‌లో అది సెట్టింగ్స్, జనరల్, 'వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్' కింద ఉంటుంది. ప్రొఫైల్‌తో వచ్చిన నెట్‌వర్క్‌కు 'ఫర్గెట్' నొక్కడం చాలదు, ప్రొఫైలే పోవాలి.

మొబైల్_మిత్ర

గూగుల్ సంగతి క్లుప్తంగా. ముందు అడ్మిన్‌ను అడగండి: అకౌంట్ పేరు మార్చారా, కొత్త అకౌంట్ ఇచ్చారా? పేరు మార్పే అయితే ఫైళ్లు అక్కడే ఉంటాయి, పాత చిరునామా మారుపేరుగా మిగులుతుంది, దానికి వచ్చిన మెయిల్ కూడా చేరుతుంది. అన్ని సేవల్లో కొత్త పేరు కనబడటానికి 3 రోజుల దాకా పట్టొచ్చు.

కొత్త అకౌంట్ అయితే 'యాక్సెస్ లేదు' రావడానికి సాధారణ కారణం బ్రౌజర్‌లో ఏ అకౌంట్ ముందుంది అన్నదే. మొదట సైన్ ఇన్ అయిన అకౌంటే డిఫాల్ట్, లింకులు దానితోనే తెరుచుకుంటాయి. అన్ని గూగుల్ అకౌంట్ల నుంచీ సైన్ అవుట్ చేసి, కొత్త స్కూల్ అకౌంట్‌తో మొదట సైన్ ఇన్ అవ్వాలి. దానికి వేరే క్రోమ్ ప్రొఫైల్ చేసుకుంటే సొంత అకౌంట్‌తో గొడవే ఉండదు. పాత డ్రైవ్‌లోవి రాకపోతే, అడ్మిన్ అనుమతించి ఉంటే పాత అకౌంట్‌లో 'ట్రాన్స్‌ఫర్ యువర్ కంటెంట్' పేజీ తెరుచుకుంటుంది. కాపీ కొన్ని గంటల్లో అవ్వొచ్చు, వారం దాకా పట్టనూ వచ్చు. పాత అకౌంట్ మూసే తేదీకి వారం ముందే మొదలెట్టించండి.

హెల్ప్‌డెస్క్_రెండు

లాగ్ చూశాం. తిరస్కరణలన్నీ ఒకే మ్యాక్ అడ్రస్ నుంచి, హాస్టల్ గదిలో ఛార్జింగ్‌లో పెట్టిన టాబ్లెట్. నెట్‌వర్క్ ఫర్గెట్ చేశాక లాక్ పడలేదు. ల్యాప్‌టాప్‌కు రికవరీ కీ ప్రింట్ తీశాం, లోకల్ యూజర్‌తో లోపలికి వెళ్లి చూశాం, ఇప్పుడు డిస్‌కనెక్ట్ చేస్తున్నాం. పాత టెనెంట్‌లో అకౌంట్లు ఎప్పుడు తుడవమని చెప్పాలి?

తాళంచెవి

వెంటనే తుడవొద్దు, ముందు సైన్ ఇన్ బ్లాక్ చేయమనండి. ఎవరికైనా ఫైల్ కావాలంటే బ్లాక్ తీసి ఇవ్వొచ్చు. తుడిచాక యూజర్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజులే ఉంటాయి, వన్‌డ్రైవ్ నిల్వ గడువు కూడా ఎవరూ మార్చకపోతే 30 రోజులే. సెలవుల్లో ల్యాప్‌టాప్ తెరవని విద్యార్థులుంటారు కాబట్టి, ఆ 30 రోజులు సెలవుల్లో పడకుండా తేదీ పెట్టించండి.